దివిసీమ అటక మీద సంచి

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రం దాకా వెళ్తుంది. ఆ పాయల నడుమ నేలే మా దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, ఏ ఊళ్ళో పెద్దవాళ్ళని కదిపినా కాలం లెక్క ఒకటే: ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ కూడా అలాగే చెబుతారు.

1977 నవంబరు 19, శనివారం. సార్వా పంట చేతికొచ్చే రోజులు. పొద్దుటి నుంచీ గాలీ వానా. గాలివాన మాకు కొత్త కాదు గనక జనం తలుపులు బిగించుకుని ఇళ్ళలోనే ఉండిపోయారు. అంతలో సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు పది వేల దాకా ఉన్నారు. సొర్లగొంది అనే ఊరి పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడ మాట ఆగిపోతుంది. తాటిచెట్టు దొరికినవాళ్ళు దాన్ని కరుచుకుని బతికారు.

అయితే ఆ తర్వాతి రోజుల గురించి మా నాయనమ్మ చెప్పినంత వివరంగా ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమె మాటల్లో ఆకలి కంటే దాహమే ఎక్కువ. మా దగ్గర బావి తవ్వితే ఉప్పునీరే పడుతుంది. తాగడానికి కాలవ నీళ్ళతో నింపుకునే చెరువే దిక్కు. ఉప్పెన ఆ చెరువుల్నే ఉప్పు చేసింది, పైగా వాటి నిండా పశువుల కళేబరాలు. చుట్టూ సముద్రమంత నీరున్నా నోట్లో పోసుకోవడానికి గుక్కెడు లేదు. బియ్యం దొరికినా ఎండు పుల్ల లేదు, ఆరిన అగ్గిపుల్ల లేదు. బయటినుంచి సాయం రావడానికి రోజులు పట్టింది. ఎన్టీఆర్ లాంటివాళ్ళు జోలె పట్టి తెచ్చిన చందాలు ఆ తర్వాతి సంగతి.

అందుకే మా ఇంట్లో అటక మీద ఒక సంచి ఉండేది. హార్లిక్స్ సీసాలో అగ్గిపెట్టె, రెండు కొవ్వొత్తులు పెట్టి మూత చుట్టూ గుడ్డ బిగించేది నాయనమ్మ. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, అంటే పొయ్యి అక్కర్లేనివే. పొలం కాగితాలు యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిలో మడిచి, తాడుతో కట్టి ఉండేవి. తుపాను కబురు వినగానే మొదట చేసే పని మాత్రం మూతలున్న బిందెలూ డబ్బాలూ మంచినీళ్ళతో నింపడం.

1990 మే 9న మళ్ళీ పెద్ద తుపాను ఈ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే చెప్పారు, లక్షకు పైగా జనాన్ని తీరం నుంచి తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. ఈ రెండు తుపానుల లెక్కలూ పక్కపక్కన పెడితే సంచి ఎందుకో తెలుస్తుంది. 5 మీటర్ల నీటి ముందు ఏ సంచీ నిలవదు. వెళ్ళమన్నప్పుడు, సామాను సర్దుకోవాలి, కాగితాలు వెతకాలి అని ఆగకుండా గడప దాటడానికే అది.

ఏటి వరద సంగతి వేరు. 2009లోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కుల మేర వరద వచ్చి మా లంకలు మునిగాయి. ఏరు కనీసం కొన్ని గంటల గడువిస్తుంది. ఆ గడువులో జనం గొడ్లనీ టీవీలనీ కాపాడుకుంటారు, బీపీ మాత్రలు మరిచిపోతారు. శిబిరంలో మొదటి రాత్రి అడిగేవి ఆ మాత్రలే.

సంచిలో ఏముండాలో చెప్పే సర్కారు వాళ్ళ జాబితాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. చదివి పక్కన పెట్టేవాళ్ళే ఎక్కువ. దివిసీమ అవసరాన్ని బట్టి నేను చెప్పేది ఇంతే: మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున మూడు రోజుల మంచినీళ్ళు, క్లోరిన్ బిళ్ళలు, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, పవర్ బ్యాంకు, చిన్న రేడియో, కొంచెం చిల్లర నోట్లు. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు నకళ్ళు ప్లాస్టిక్ కవర్లో. చంటిపిల్లలుంటే వాళ్ళ బట్టలు, ఆడవాళ్ళకు కావలసినవి. పైన కప్పుకోవడానికో కింద పరుచుకోవడానికో ఒక బరకం. ఓఆర్ఎస్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే చాలు.

ఇంతగా చెప్పడానికి కారణం, ఉప్పెనల జ్ఞాపకం చెరిగిపోవడమే. బందరును 1864 నవంబరు 1న ముంచిన ఉప్పెన 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఊరు మాకు ఎంతో దూరం లేదు. అయినా 1977 నాటికి ఆ సంగతి మా పల్లెల్లో ఎవరి నోటా లేదు. ఇప్పుడు 1977 చూసినవాళ్ళూ తగ్గిపోతున్నారు.

తుపాన్లు ఎక్కువగా వచ్చేది మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ. దసరాకి ఇల్లు దులిపేటప్పుడే సంచి దించి, పాత మాత్రలు తీసేసి కొత్తవి పెట్టండి, టార్చి వెలుగుతుందో లేదో చూడండి. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077 గోడ మీద రాసి ఉంచండి. వెళ్ళమని చెప్పినప్పుడు సంచి భుజాన వేసుకుని తుపాను షెల్టరుకు బయల్దేరండి.