గుహల పైన ఊరు

విశాఖపట్నంలో కిరండూల్ పాసింజర్ ఎక్కితే చిమిడిపల్లి దాటాక వచ్చే స్టేషన్ మాది. బోర్డు మీద మూడు భాషల్లో ‘బొర్రా గుహలు’ అని రాసి ఉంటుంది. రైల్వేవాళ్లు ఎక్కడైనా స్టేషన్‌కు ఊరి పేరు పెడతారు. మా దగ్గర మాత్రం ఊరి కింద ఉన్న బిలం పేరు పెట్టారు. చిన్నప్పుడు దీన్ని పట్టించుకోలేదు. కాలేజీలో చేరేటప్పుడు ఓ ధ్రువపత్రం కోసం ఆఫీసుకి వెళ్తే, ‘ఊరు’ అన్న గడిలో నేను ‘బొర్రా’ అని రాసింది చూసి, అక్కడి గుమస్తా పక్కనే తన చేత్తో ‘గుహలు’ అని చేర్చాడు. మర్యాదగానే చేర్చాడు, నేను సగం పేరు రాసి మరిచిపోయాననుకున్నాడు. ఆ ఒక్క మాట కొట్టేయించుకోవడానికి మరో రెండుసార్లు కొండ దిగాల్సి వచ్చింది.

మా ఊరి చరిత్ర అంతా ఇంతే. వచ్చినవాళ్లందరూ మా కాళ్ల కింద ఏముందో చూశారు. దేవుణ్ని చూశారు, నది పుట్టుక చూశారు, తెల్లరాయి చూశారు. పైన ఎవరున్నారని అడిగినవాళ్లు తక్కువ.

ముందు ఊరెక్కడుందో చెబుతాను. విశాఖ నుంచి రోడ్డున సుమారు 90 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపులు తిరిగి తిరిగి అనంతగిరి మండలంలోకి వస్తాం. అరకు వెళ్లే పెద్దరోడ్డు మీద బొర్రా జంక్షన్ దగ్గర పక్కకి తిరిగి లోయలోకి దిగితే మా కొండలు. గుహలు సముద్ర మట్టానికి 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తూర్పు కనుమల్లో ఇది మరీ పెద్ద ఎత్తు కాదు. కానీ డిసెంబరు పొద్దున్న లోయంతా పొగమంచు పేరుకున్నాక, కూత వినిపించే రైలు కూడా కనిపించదు.

మైదానం వాళ్లకి ఊరంటే ఓ వీధి, ఆ వీధికి రెండు వైపులా ఇళ్లు. ఇక్కడలా ఉండదు. గెడ్డకొక గూడెం, మెట్టకొక గూడెం. ఒకదాన్నుంచి ఇంకోదానికి కొండ ఎక్కి దిగాలి. భూమిని కూడా మేం కొలతతో కాక వాలుతో చెప్పుకుంటాం. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా చదును చేసి వరి వేసేది పల్లం. దాని పైన గరువు, అక్కడ చోళ్లు, సామలు, వలిసెలు. ఇంకా పైన కొండపోడు. ఆ పోడు భూముల్లోనే కొన్నిచోట్ల ఇప్పుడు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు, వాటి నీడన కాఫీ. ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ కొండల కాఫీకే. కార్తీకంలో వలిసె పూసినప్పుడు వాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. దాన్ని చూడడానికి కూడా జనం కార్లు ఆపుతారు. మాకది నూనెగింజ.

పేరు విషయానికొస్తే, ఒరియాలో ‘బొర్రా’ అంటే కన్నం, బిలం అని చెబుతారు. అదేం వింత కాదు. ఈ కొండల్లో ఇంట్లో ఆదివాసీ ఒరియా, సంతలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. తెలుగులోనూ ఎలుక చేసుకునేది బొరియే కదా. కాబట్టి ఊరికి గుహ పేరు వచ్చిందన్న మాట నిజమే, ఒప్పుకోవాలి. ఆ తర్వాత గుహే ఊరి పేరంతా తినేసింది.

గుహని ఎవరు కనుక్కున్నారన్నదానికి రెండు కథలున్నాయి. ఒకటి కరపత్రాల్లో ఉంటుంది: భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ 1807లో కనుక్కున్నాడని. పర్యాటకులు దీన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు. కానీ ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. పుట్టని సంస్థ ఉద్యోగి 44 ఏళ్ల ముందే వచ్చి గుహను ఎలా కనుక్కున్నాడో అడిగేవాళ్లు లేరు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త నిజంగానే ఉన్నాడు. 19వ శతాబ్దం చివర్లో ఆ సంస్థకి అధిపతిగా కూడా పనిచేశాడు. ఆ తేదీ మాత్రం ఆయనకి అతకదు.

రెండోది ఆవు కథ. కొండ మీద మేస్తున్న ఆవు నేలలో ఉన్న కన్నంలోంచి కిందికి పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ లోయవైపు నుంచి గుహలోకి దిగాడు. ఆవు ప్రాణాలతో ఉంది, దాని పక్కన రాతి లింగం ఉంది. శివుడే కాపాడాడని అక్కడ పూజ మొదలైంది. లింగం పైన రాయి ఆవు ఆకారంలో ఉందని, దాని పొదుగులోంచి కారే నీరే గోస్తని అని చెబుతారు. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు. నాకు ఈ కథే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది, మహిమ వల్ల కాదు. ఇందులో తేదీ లేదు కాబట్టి తప్పూ లేదు. పైగా గుహను కనుక్కున్నది ఓ పశువుల కాపరి అని ఒప్పుకుంటుంది. ఈ కొండల్లో ఏ కన్నం ఎక్కడుందో ముందు తెలిసేది ఆవులకి, తర్వాత వాటి వెంట తిరిగేవాళ్లకి.

ఆ రెండు కథలకంటే ముందునుంచీ నీళ్లు పని చేస్తూనే ఉన్నాయి. కొండ మీద పడ్డ వాన ఆకుల కింద మట్టిలోకి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్ల వెంట దిగిన నీరు గుహ కప్పుకి చేరాక ఆ వాయువు గాల్లో కలిసిపోతుంది, కరిగిన సున్నం రాయిగా మిగిలిపోతుంది. కప్పు నుంచి ఊడల్లా దిగేవి, నేల నుంచి పుట్టల్లా లేచేవి అలా పుట్టినవే. గుహ లోతు 80 మీటర్ల దాకా ఉంటుంది. శ్రావణంలో లోపలికి వెళ్లి ఓ ఊడ కొసకి టార్చి పట్టి చూడండి. కొసన నీటిబొట్టు ఉబ్బుతుంది, వణుకుతుంది, పడదు. విసిగి చూపు తిప్పుకున్నప్పుడు ‘టప్’ మంటుంది. ఆ బొట్టు వదిలిన సున్నం కంటికి కనబడదు. ఓ మనిషి బతికినంతకాలం చూసినా ఆ ఊడ పెద్దగా పెరిగినట్టు తెలియదు. దాన్ని విరిచి జేబులో వేసుకోవడానికి మాత్రం ఒక్క క్షణం చాలు. కింది వరసలో కొసలు లేని ఊడలు చాలా ఉన్నాయి. రంగు దీపాలు పెట్టినచోట, వెలుగు తగిలిన మేర రాయి మీద పచ్చటి నాచు పడుతోంది. చీకట్లో పుట్టినదానికి వెలుతురు కూడా జబ్బే.

గోస్తని గుహలోంచి బయటపడి లోయలోకి దిగి, విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయంలో చేరుతుంది. అక్కడి నుంచి విశాఖ నగరానికి తాగునీరు వెళ్తుంది. మిగిలిన నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. సున్నపునేల గుణం ఏమిటంటే నీళ్లని పైన నిలవనివ్వదు, కిందికి లాగేసుకుంటుంది. అందుకే మా కింద నది పోతున్నా, చైత్రం వచ్చేసరికి పైన గూడేల ఆడవాళ్లు బిందెలతో ఊట గెడ్డ కోసం దిగుతారు. వాళ్లు ఓ బిందె నింపుకుని కొండెక్కేలోగా ఆ నీళ్లే పట్నం కుళాయిల వైపు కదిలిపోతుంటాయి.

రైలు 1960ల్లో వచ్చింది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపానుకి పంపడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మొత్తం 58 సొరంగాలు. మా తాత ఆ పనిలో రాళ్లు మోశాడు. ‘కొండని తొలిచి మళ్లీ దాని మీదే వేశాం’ అనేవాడు, తవ్విన రాయే కట్టకి పోసిన సంగతి గుర్తుచేస్తూ. బొర్రా నుంచి పైకెళ్తే కరకవలస తర్వాత శిమిలిగుడ, 996 మీటర్ల ఎత్తున. బ్రాడ్‌గేజి లైన్లలో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనని చాలా ఏళ్లు దానికి పేరు. గుహల పైనుంచే పట్టాలు పోతాయి. అంటే అడుగున నది, దాని మీద గుహ, గుహ మీద కొండ, కొండ మీద పట్టాలు, పట్టాల మీద ఇంకో రాష్ట్రం ఖనిజం. ఎర్రటి దుమ్ముతో గూడ్సులు రాత్రింబగళ్లు దిగుతూనే ఉంటాయి. వానాకాలంలో కొండచరియ విరిగి పట్టాల మీద పడితేనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి మా ఇంట్లో ముసలివాళ్లకి మెలకువ వచ్చేస్తుంది.

ఇనుము మా స్టేషన్లో దిగలేదు కానీ, లైను వచ్చాక మా రాయి మీద బయటివాళ్ల కన్ను పడింది. ఈ కొండల్లో అభ్రకం, కాల్సైట్ ఉన్నాయి. మేం తెల్లరాయి అంటాం. ఇక్కడి నుంచి మా ఊరు కోర్టు కాగితాల్లోకి ఎక్కింది.

ఏజెన్సీ భూమి గురించి చట్టాలు కొత్తవి కావు. ఆదివాసీ భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా తెల్లదొరల కాలంలోనే 1917లో ఓ చట్టం చేశారు. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని 1970లో బిగించారు. అదే మా వాళ్ల నోట్లో నలిగే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. చదువు రాని ముసలాయన కూడా ఆ అంకెని ఇంటిపేరులా పలుకుతాడు. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా భూమిని గిరిజనేతరులకి ఇస్తే చెల్లదని అది చెబుతుంది. మరి సర్కారే అటవీ భూమిని, బంజరుని తెల్లరాయి కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకిస్తే? సర్కారు ‘వ్యక్తి’ అవుతుందా?

ప్రశ్న వినడానికి నవ్వులాటలా ఉంటుంది. దాని మీదే మా కొండల బతుకు ఆధారపడింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ ఆ లీజుల మీద హైకోర్టుకి వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరిది ఒక మాట: చట్టంలో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమి అయినా ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదు. తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థో, గిరిజనుల సహకార సంఘాలో తవ్వొచ్చు. తవ్వినా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకి, బళ్లకి, వైద్యానికి, రోడ్లకి పక్కన పెట్టాలి.

ఆ రోజుల్లో మేం తీర్పు చదవలేదు. మాకు తెలిసిన తీర్పు ఒక్కటే: మందుపాతర మోత ఆగింది. పేలుడుకి ముందు ఊదే ఈల వినగానే మేకల్ని ఇవతలి వాలుకి తోలడం చిన్నపిల్లల పని, నాకూ అదే పని. కొన్నాళ్లపాటు ఈల లేకపోయినా ఆ వేళకి మేకలు వాటంతటవే ఇటు తిరిగేవి.

ఇప్పుడు లా చదివే ప్రతివాళ్లకీ ‘సమతా కేసు’ తెలుసు. దేశంలో అయిదో షెడ్యూలు ప్రాంతంలో ఎక్కడ గని గొడవ వచ్చినా దాన్ని తీస్తారు. అందులో చర్చకొచ్చిన నేల బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 పల్లెలు అని ఎంతమందికి గుర్తు? కోర్టు పద్ధతి ప్రకారం కేసుకి పిటిషను వేసినవాళ్ల పేరు వస్తుంది. రైలు స్టేషన్లో గుహ మా పేరు తీసుకుంది, న్యాయశాస్త్రంలో మాకు మేలు చేసినవాళ్లే తీసుకున్నారు. అందుకు బాధ లేదు, లెక్క చెబుతున్నానంతే.

1990ల్లో గుహలు రాష్ట్ర పర్యాటక సంస్థ చేతికొచ్చాయి. మెట్లు, కటకటాలు, దీపాలు, టికెట్టు కిటికీ వచ్చాయి. 2017లో పాసింజర్‌కి అద్దాల బోగీ తగిలించారు. మా కుర్రాళ్లు గైడ్లయ్యారు. ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది మొసలి, ఇది రుషి గడ్డం అని టార్చితో చూపిస్తారు. బయట బొంగు చికెన్ పొగ, కాఫీ పొడి ప్యాకెట్లు, సీతాఫలాల కుప్పలు. ఈ బేరాల మీద బతికే ఇళ్లు మా ఊళ్లో తక్కువేం కాదు. పర్యాటకాన్ని తిట్టేవాళ్లలో నేను లేను. కాకపోతే ఒక మాట. ఖనిజం లాభంలో 20 శాతం ఇక్కడి నీళ్లకి, రోడ్లకి అని సుప్రీంకోర్టు అన్నది ఈ నేల గురించే. గుహ కూడా ఆ రాయే కదా. తవ్వి అమ్మినా, చూపించి అమ్మినా రాయి ఒకటే. దూరపు గూడేల్లో ఇప్పటికీ పురిటినొప్పులొస్తే గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. టికెట్టు కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్ల పక్కనుంచే ఓసారి ఆ డోలీ వెళ్లింది. వాళ్లు దారిచ్చారు. అదేదో కొండవాళ్ల పండగ అనుకుని ఒకాయన ఫొటో కూడా తీశాడు.

2022 ఏప్రిల్ 4 నుంచి మాది విశాఖపట్నం జిల్లా కాదు, అల్లూరి సీతారామరాజు జిల్లా. కలెక్టరాఫీసు పాడేరులో. అరకు మీదుగా రోడ్డున పోవాలి, అక్కడికి రైలు లేదు. రైలున్న విశాఖలో మా ఆఫీసులు లేవు. జిల్లా మారినప్పుడు కాగితాలన్నీ మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. ఆ పని మీద పోయినప్పుడు గుమస్తా కొత్తవాడు, కుర్రాడు. కంప్యూటర్లో కొడుతూ అడిగాడు.

“ఊరు?”

“బొర్రా.”

“గుహలా?”

“కాదు బాబూ, గుహల పైన.”

తలెత్తి నన్ను చూశాడు. నవ్వి, ఒక్క మాటే కొట్టాడు.