తుపాకీ ‘మిస్‌ఫైర్’: పిస్టల్ పొరపాటున ఎందుకు పేలుతుంది? ఎలా పెట్టుకుంటే ప్రమాదం ఉండదు?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు తుపాకీ రోజూ కంటపడే వస్తువు కాదు. అలాగని మరీ దూరంగానూ లేదు. బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన ఉంటుంది. ఎమ్మెల్యే గారు వలీమాకు వస్తే వెనకే వచ్చే గన్‌మన్ నడుముకు ఉంటుంది. రిటైరైన ఫౌజీ ఇంట్లోనో, రాత్రిపూట డబ్బుతో తిరిగే వ్యాపారి బీరువాలోనో లైసెన్సు రివాల్వర్ ఉండొచ్చు. ఇక పిల్లలు అమెరికాలో చదువుతున్న ఇళ్ల సంగతి వేరే చెప్పాలి. అక్కడ ఒకే గదిలో ఉండే స్నేహితుడి దగ్గరే తుపాకీ ఉండవచ్చు.

ఇలాంటి తుపాకీ పొరపాటున పేలినప్పుడు మన పేపర్లు ‘గన్ మిస్‌ఫైర్’ అని రాస్తాయి. నిజానికి ఆ మాటకు అర్థం పూర్తిగా ఉల్టా. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. పేలకూడనప్పుడు పేలడం వేరే సంగతి. ఈ తేడా పట్టించుకోవాల్సిందే, ఎందుకంటే ‘మిస్‌ఫైర్’ అనగానే తప్పు తుపాకీది అన్నట్టు ధ్వనిస్తుంది. బాగున్న తుపాకీ తనంతట తాను పేలడం చాలా అరుదు. దాదాపు ప్రతిసారీ ఏదో ఒకటి ట్రిగ్గర్‌ను నొక్కి ఉంటుంది. అది వేలు కావచ్చు, బట్ట మడత కావచ్చు, సంచిలోని తాళంచెవి కావచ్చు.

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఖమ్మం జిల్లాకు చెందిన విద్యార్థి ఒకరు పెట్రోల్ బంకులో పార్ట్‌టైమ్ పనిచేస్తూ, అక్కడి సెక్యూరిటీ గార్డు తుపాకీని చేతిలోకి తీసుకుని చూస్తుండగా అది పేలి చనిపోయారు. 2024 నవంబరులో అట్లాంటాలో హైదరాబాద్ యువకుడు ఒకరు పుట్టినరోజు నాడే తుపాకీ శుభ్రం చేస్తూ ప్రాణం పోగొట్టుకున్నారు. శిక్షణ ఉన్నవారికీ ఈ ప్రమాదం తప్పడం లేదు. 2023 ఆగస్టులో హైదరాబాద్ పాతబస్తీలో ఒక హెడ్ కానిస్టేబుల్ సొంత సర్వీసు తుపాకీ పేలి మరణించారు. సినిమా నటుడు గోవిందాది అందరికీ తెలిసిన కేసే. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున కోల్‌కతా వెళ్లడానికి బయలుదేరుతూ లైసెన్సు రివాల్వర్‌ను లోపల పెట్టబోతుండగా అది చేయిజారి పేలింది. ఎడమ కాలికి, మోకాలి కింద గుండు తగిలింది. ఆయన అదృష్టవంతుడు, కాలితో పోయింది.

మ్యాగజైన్ తీశాం, ఇక ఖాళీయే అనుకోవడం

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే నమ్మకం ఇదే కావచ్చు. పిస్టల్ పిడిలో ఉండే తూటాల డబ్బీని మ్యాగజైన్ అంటారు. పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం స్లైడ్. స్లైడ్‌ను ఒకసారి వెనక్కి లాగి వదిలితే మ్యాగజైన్‌లోని పై తూటా గొట్టం మొదట్లోని ఛాంబర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ తర్వాత మ్యాగజైన్ బయటికి తీసినా ఛాంబర్‌లోని తూటా అక్కడే ఉంటుంది. చేతిలో మ్యాగజైన్ కనిపిస్తుంది కాబట్టి తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు. సరదాగా ట్రిగ్గర్ నొక్కుతారు. కొన్ని పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోతే పేలవు గానీ, చాలావాటికి ఆ ఏర్పాటు లేదు.

రెండో పొరపాటు వరసలో జరుగుతుంది. ముందు స్లైడ్ లాగి, ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తారు. అలా చేస్తే ఛాంబర్‌లోని తూటా బయటికి ఎగిరిపడుతుంది, నిజమే. కానీ స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్ నుంచి ఇంకో తూటాను లోపలికి తోసేస్తుంది. తూటా బయటపడటం కళ్లారా చూసినవాడు లోపల ఇంకోటి ఉందని ఎలా అనుకుంటాడు?

సరైన వరస ఇది. గొట్టం మనుషులు లేని వైపు తిప్పాలి. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, పక్కన చట్రం మీద చాచి పెట్టాలి. మొదట మ్యాగజైన్ పూర్తిగా తీసి పక్కన పెట్టాలి. తర్వాత స్లైడ్‌ను రెండు మూడుసార్లు గట్టిగా వెనక్కి లాగి, చివరికి వెనకే లాక్ చేసి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. చీకటిగా ఉంటే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. ‘గొట్టం మనుషులు లేని వైపు’ అంటే ఇంట్లో ఎటు? డాబా ఇళ్లలో గోడకు గురిపెట్టడం మంచిది కాదు. ఇటుక గోడ అవతల ఎవరున్నారో తెలియదు, సిమెంటు నేలకు తగిలిన గుండు ఎటు ఎగిరి వస్తుందో తెలియదు. నిండా ఇసుక పోసిన పెద్ద బకెట్ ఒకటి పెట్టుకుని, గొట్టం దాని వైపు ఉంచి తూటాలు తీయడం పాత పద్ధతే, ఖర్చు లేనిది.

మన పిల్లల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. .22 రైఫిల్ పట్టుకున్న మొదటి రోజే వాళ్లకు ‘ఖాలీ కర్’ అనే ఆర్డర్ వినిపిస్తుంది. అన్నీ తెలిసిన పెద్దలు ఇంట్లో మర్చిపోయేది కూడా దాన్నే.

పాత రివాల్వర్లు

రివాల్వర్‌లో మ్యాగజైన్ ఉండదు. తిరిగే సిలిండర్‌లో సాధారణంగా 5 లేదా 6 తూటాలు పడతాయి. సిలిండర్ తెరిచి, తూటాలన్నీ చేతిలోకి దులిపి లెక్కపెట్టుకుంటే చాలు. ఆరు గదులుంటే ఆరు గదులూ ఖాళీగా కనిపించాలి.

దీంతో ఇబ్బంది వేరే ఉంది. చాలా పాత మోడళ్లలో వెనకున్న సుత్తి, అంటే హ్యామర్, నేరుగా తూటా వెనక ఆనుకుని ఉంటుంది. తుపాకీ కిందపడి ఆ సుత్తి మీద దెబ్బ తగిలితే తూటా పేలుతుంది. ట్రిగ్గర్ ఎవరూ నొక్కనక్కర్లేదు. కొత్త మోడళ్లలో సుత్తికీ తూటాకీ మధ్య అడ్డుపడే భాగం ఒకటి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాడు, 1944లో, రివాల్వర్ కిందపడి పేలి ఒక అమెరికన్ నావికుడు చనిపోయాక స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఈ భాగాన్ని మార్చింది. తాతల నాటి రివాల్వర్ ఉన్నవాళ్లు అందులో ఈ అడ్డు ఉందో లేదో లైసెన్సు ఉన్న డీలర్‌కు చూపించి తెలుసుకోవాలి. లేకపోతే సుత్తి కింద గదిని ఖాళీగా వదిలి, ఆరుకు బదులు ఐదే నింపాలి. ఏ తుపాకీ అయినా సరే, చేయిజారితే గాలిలో పట్టుకోబోవద్దు. పట్టుకునే కంగారులో వేలు ట్రిగ్గర్ మీద పడుతుంది. పడనివ్వడమే మేలు.

హోల్‌స్టర్ లేకుండా పెట్టుకోవద్దు

సినిమాల్లో హీరో పిస్టల్‌ను ప్యాంటు వెనక దోపుకుంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ 2008 నవంబరులో న్యూయార్క్‌లో అదే పని చేశాడు. నైట్‌క్లబ్‌లో పిస్టల్ నడుము నుంచి కిందికి జారింది, ఆపబోయాడు, అది పేలి గుండు తొడలోకి దిగింది. చెల్లే లైసెన్సు లేకపోవడంతో రెండేళ్ల జైలు శిక్ష కూడా పడింది.

హోల్‌స్టర్ అంటే తుపాకీ పెట్టుకునే ఒర. మంచి ఒర ఆ మోడల్ కొలతకే చేసినదై ఉండాలి, గట్టిగా ఉండాలి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియాన్ని పూర్తిగా కప్పాలి, పరిగెత్తినా తుపాకీ జారకుండా పట్టి ఉంచాలి. మెత్తబడిన పాత తోలు ఒరలు మానేయాలి. వాటి అంచు లోపలికి ముడుచుకుని ట్రిగ్గర్‌ను నొక్కిన సందర్భాలున్నాయి. లాల్చీ జేబు, షేర్వానీ లోపలి జేబు, కారు డాష్‌బోర్డు, స్కూటర్ డిక్కీ, ఇవేవీ ఒరలు కావు. పేలుళ్లు ఎక్కువగా తుపాకీ బయటికి తీసేటప్పుడు కంటే తిరిగి ఒరలో పెట్టేటప్పుడే జరుగుతాయని శిక్షకులు చెబుతారు. చొక్కా కొసో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌లో చిక్కుకుంటుంది. అందుకే లోపల పెట్టేటప్పుడు తొందర వద్దు, ఒరలోకి చూసి మరీ పెట్టాలి.

ఆడవాళ్ల కోసమంటూ 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే తేలికపాటి .32 రివాల్వర్‌ను తెచ్చింది. హ్యాండ్‌బ్యాగులో పట్టేలా అన్నారు. హ్యాండ్‌బ్యాగ్ అంటే పిల్లలు చాక్లెట్ కోసం చేయిపెట్టే చోటు. 2014 డిసెంబరులో అమెరికాలోని ఐడహోలో, సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలో కూర్చున్న రెండేళ్ల పిల్లాడు తల్లి బ్యాగులోంచి పిస్టల్ తీశాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. రెండేళ్ల చేతికి అంత బలం ఉంటుందా అనుకోవద్దు.

ఛాంబర్‌లో తూటా పెట్టుకుని తిరగాలా వద్దా అనే వాదన ప్రపంచమంతా ఉంది. పోలీసులకు ఒక లెక్క, మిలటరీకి ఇంకో లెక్క. ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకుని, ఏడాదికి ఒకసారి కూడా ఫైరింగ్ ప్రాక్టీసు చేయని మన వ్యాపారులకు మాత్రం ఛాంబర్ ఖాళీగా ఉంచడమే క్షేమం. సేఫ్టీ మీటను నమ్ముకోవద్దు. అది అరిగిపోతుంది, ఒరుసుకుని జరిగిపోతుంది, ఉందో లేదో కంగారులో గుర్తుండదు.

ఆయుధ మర్యాద మన వాళ్లకు కొత్తది కాదు. మస్జిద్‌లోకో బజారులోకో బాణాలతో వెళ్లేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా ములుకుల దగ్గర పట్టుకుని నడవాలని ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్టు హదీసుల్లో ఉంది. తోటివాడి వైపు ఆయుధం చూపడాన్ని, హాస్యానికైనా సరే, వారించారు. గొట్టం ఎవరి వైపూ తిప్పవద్దని నేటి శిక్షకులు చెప్పేదీ ఇదే.

చట్టం ఏమంటుంది

ఆయుధ నియమాలు, 2016 ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ను ఒరలో, బయటికి కనిపించకుండా, పూర్తిగా మన అదుపులో ఉండేలా తీసుకెళ్లాలి. పెళ్లిళ్లు, ఊరేగింపులు, సభల్లో తుపాకీ ఝళిపించడం, కాల్చడం నిషేధం. నికా జోష్‌లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే, 2019 సవరణ తర్వాత, రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పొరపాటున పేలి మనిషి పోతే ‘కావాలని చేయలేదు’ అనే మాట హత్య కేసు నుంచి కాపాడొచ్చు గానీ, భారతీయ న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది.

లైసెన్సుకు కనీస వయసు 21. తెనాలివారు గుంటూరు కలెక్టర్‌కు, 2022లో జిల్లా విడిపోయాక రేపల్లె, బాపట్లవారు బాపట్ల కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆయుధాల భద్రతపై శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి. అది కాగితం కోసం చేసే కోర్సు కాకుండా చూసుకోవాలి. లైసెన్సు గడువు ఐదేళ్లు, ఒక్కొక్కరికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. నాటు తపంచాల సంగతికొస్తే, వాటికి లైసెన్సు రాదు, సేఫ్టీ ఉండదు, గొట్టం ఎప్పుడు పగులుతుందో తెలియదు.

ఇంట్లో పేలితే

ముందు గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, 108కి ఫోన్ చేయాలి. గుడ్డ తడిసిపోతే తీయకుండా పైన ఇంకోటి వేసి అదమాలి. గుండును బయటికి తీయబోవద్దు. పిల్లలు దగ్గర్లో లేకపోతే తుపాకీని పడిన చోటే వదిలేసి పోలీసులకు చెప్పాలి. ‘పోలీసు కేసు కదా, ముందు కాగితాలు తెండి’ అని ఆసుపత్రిలో ఎవరన్నా ఆపితే, ముందు ప్రాణం కాపాడాలనీ, కేసు రాతకోతలు తర్వాతేననీ 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి గుర్తుచేయాలి.

అబ్బాజాన్ పోయాక ఆయన తుపాకీ

లైసెన్సుదారు చనిపోతే లైసెన్సు వారసులకు దానంతట అది రాదు. అబ్బాజాన్ గుర్తుగా అని రివాల్వర్‌ను బీరువాలో ఉంచేస్తే, అది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది. దానికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. అలాంటి తుపాకీలో తూటాలున్నాయో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు, అది ఇంకో ప్రమాదం. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. తర్వాత వారసుల్లో ఒకరు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా అమ్మేయవచ్చు. వాడటం తెలియనివారు తుపాకీని ముట్టుకోకుండా గదికి తాళం వేసి స్టేషన్‌కు కబురు చేస్తే చాలు. అప్పగించేటప్పుడు తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రాసిన రసీదు అడిగి తీసుకోవాలి.