రూగర్ 10/22: కేటలాగు వాక్యానికి వ్యాఖ్యానం

అమెరికాలో తుపాకీ దుకాణం నడిపేవారిలో రూగర్ 10/22ను ఎరగనివారు ఉండరు. 1964లో వచ్చిన ఈ రైఫిల్ ఇప్పటికీ తయారవుతూనే ఉంది. దాని మామూలు కార్బైన్ నమూనాకు కేటలాగులో ఉన్న వర్ణనను కుదిస్తే ఇంతే: .22 లాంగ్ రైఫిల్, సెమీ ఆటోమేటిక్, 10 తూటాల రోటరీ మ్యాగజైన్, 18.5 అంగుళాల బ్యారెల్, 1:16 ట్విస్ట్, బరువు సుమారు 5 పౌండ్లు. వేటకు కొనేవాడూ, టార్గెట్ షూటింగుకు కొనేవాడూ చదివేది ఈ వాక్యమే అయినా ఇద్దరూ వెతకాల్సింది వేరు. వేటగాడి సంగతి మొదటి తూటాతోనే తేలిపోతుంది. టార్గెట్ షూటర్‌కు పదో తూటా కూడా మొదటిది తగిలిన చోటే తగలాలి.

.22 లాంగ్ రైఫిల్: 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన తూటా. గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. మందును అంటించే రసాయనం అడుగు భాగం అంచు చుట్టూ ఉంటుంది కాబట్టి దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. చవక, తన్ను తక్కువ. అప్పుడప్పుడు ఒకటి పేలకుండా మొరాయిస్తుంది. అప్పుడు గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలేవీ ఉంటాయి.

కొనేవాళ్లు పట్టించుకోనిది గుండు వేగం. స్టాండర్డ్ రకం సెకనుకు సుమారు 1,070 అడుగులు పోతుంది, హై వెలాసిటీ రకం 1,200 దాటుతుంది. ధ్వని వేగం ఈ రెంటికీ మధ్య, సుమారు 1,125 అడుగులు. హై వెలాసిటీ గుండు దూరం పోయేకొద్దీ ధ్వని వేగం కిందికి దిగుతుంది, ఆ దిగే దగ్గర దాని నడక చెదురుతుంది. మ్యాచ్ తూటాలను మొదటి నుంచీ ధ్వని కన్నా నెమ్మదిగా పోయేలా చేసేది ఇందుకే. 50 గజాల లోపు కుందేలునో ఉడుతనో కొట్టే వేటగాడికి ఈ చెదరడంతో పనిలేదు. అతనికి మొన బోలుగా ఉండే హై వెలాసిటీ హాలో పాయింట్ నయం, ఎందుకంటే జంతువు బాధపడకుండా వెంటనే పోతుంది. జింకకు మాత్రం ఈ తూటా చాలదు. చాలా రాష్ట్రాల్లో రిమ్‌ఫైర్‌తో జింకను కొట్టడం నేరం కూడా. చిన్న తూటాయే కదా అని ఏమరుపాటు పనికిరాదు. గురి తప్పిన గుండు మైలుకు పైగా పోగలదు. కొమ్మ మీది ఉడుత వెనక ఆకాశం కనిపిస్తుంటే ట్రిగ్గర్ నొక్కకూడదు.

సెమీ ఆటోమేటిక్: ఒకసారి నొక్కితే ఒక్క తూటా, రెండోది పేలాలంటే ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కాల్సిందే. తూటాను వెనక నుంచి మూసే దీని బోల్టుకు తాళం లేదు, దాని బరువూ స్ప్రింగూ కలిసి దాన్ని ఆపుతాయి. పేలిన తూటా ఖాళీ గొట్టం బోల్టును వెనక్కి తోస్తుంది, తాను బయటపడుతుంది. బోల్టు ముందుకొస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. ఆ తోపుకి సరిపడా బలం లేని, మరీ నెమ్మదైన తూటాలు వేస్తే యంత్రం సగంలో ఆగుతుంది.

వేటలో దీని మేలు జనం అనుకునేంత లేదు. మొదటి దెబ్బ తప్పితే ఉడుత చెట్టు అవతలి వైపున ఉంటుంది. పెన్సిల్వేనియాలోనైతే 2017 దాకా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో వేటకు అనుమతే లేదు. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలోనూ తూటాలు ఒక్కొక్కటే పెట్టుకుని కాల్చాలి. వరసగా నిలబెట్టిన ఇనప పలకలను గడియారంతో పోటీపడి కొట్టే ఆటల్లో మాత్రం 10/22 రాజ్యమేలుతుంది.

కేటలాగు వాక్యంలో లేని మాట ట్రిగ్గర్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్‌ను లాగడానికి 6 పౌండ్ల దాకా బలం పడుతుంది. తుపాకీ మొత్తం బరువే 5 పౌండ్లు! వేలు బిగిసేకొద్దీ గొట్టం పక్కకు జరుగుతుంది, చూపుడు వేలి మొదటి కణుపు మీద గీత పడుతుంది. కంపెనీయే 3 పౌండ్ల లోపు ట్రిగ్గర్‌ను విడిగా అమ్ముతోంది. నా లెక్కలో స్కోపు కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీనికే. కొన్ని పోటీల్లో 3 పౌండ్లకు తగ్గకూడదన్న నియమం ఉంది, అది చూసుకుని కొనాలి.

రోటరీ మ్యాగజైన్: ఈ తుపాకీలో నిజమైన తెలివంతా ఇక్కడుంది. అంచున్న తూటాలను నిలువుగా పేరిస్తే ఒకదాని అంచు ఇంకోదానికి తట్టుకుంటుంది. ఇందులో ప్రతి తూటాకూ తన గాడి తనకుంది. పైగా కింద పొడుచుకు రాదు కాబట్టి నడుస్తూ తుపాకీని సరిగ్గా ఆ చోటే చేత్తో పట్టుకోవచ్చు. లోపమొకటి: చివరి తూటా పేలాక బోల్టు తెరుచుకుని ఉండదు. టక్‌మన్న చప్పుడును నమ్మకుండా తూటా కూర్చునే గది ఖాళీయో కాదో కంటితో చూడాలి.

బ్యారెల్, ట్విస్ట్: 16 అంగుళాలకు గుండు ఒక చుట్టు తిరుగుతుంది. బొంగరం లాగే తిరిగితేనే నిలకడ. బ్యారెల్‌ను పట్టి ఉంచేవి రెండు స్క్రూలే కాబట్టి ఇంట్లోనే మార్చుకోవచ్చు. కానీ బోల్టు ఉండే రిసీవర్ వెనక వైపు మూసి ఉంటుంది, శుభ్రం చేసే కడ్డీని మూతి నుంచి దూర్చాలి. నిర్లక్ష్యంగా దూరిస్తే మూతి అంచు అరిగి గురి పాడవుతుంది.

గురిని ఎలా తూచాలి? మూడు తూటాల గుంపు ఫొటో చూసి మోసపోవద్దు. మూడు దగ్గరగా పడటం అదృష్టం కావచ్చు. నాలుగైదు బ్రాండ్ల తూటాలు కొని, ఒక్కో బ్రాండుతో 50 గజాల నుంచి పదేసి కాల్చండి. మార్చని 10/22 చవక తూటాలతో సుమారు ఒకటి నుంచి రెండు అంగుళాల గుంపు వేస్తుంది. ఉడుత తల అంగుళం పైచిలుకు. మీ పది తూటాలూ అంత వెడల్పులో ఎంత దూరం దాకా పడతాయో అదే మీ వేట దూరం. వేటగాడు ఇంకో పరీక్ష కూడా చేయాలి: రోజుకు ఒక్కటే, చల్లటి బ్యారెల్‌తో, అదే కాగితం మీద.

5 పౌండ్లు: నడకకు హాయి. నిలబడి గురి పెడితే వణుకు.

తీర్పు: కాగితం మీద గుంపులే కావాలంటే సీజెడ్ 457 లాంటి బోల్ట్ యాక్షన్ కొనండి. చిన్న జంతువుల వేటా, వారాంతపు సాధనా ఒక్క తుపాకీతో కావాలంటే ఈ కార్బైనే, ట్రిగ్గర్ మార్చి.

అమెరికాలోని మన వాళ్లకు ఒక మాట. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దీనికున్న మినహాయింపుల్లో ఒకటి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకునే తుపాకీకీ ఈ నిషేధం వర్తిస్తుంది.