బురద బూట్లు

ఏరా చంటీ, మొహం అలా వేలాడేశావు? కాలేజీ లీగులో రెండో స్థానమనా? బూట్లు బురదతోనే మూల పడేశావు. రా, కుంపటి దగ్గర కూర్చో. ఈ న్యూ టౌన్ చలి చెరువుల మీంచి వచ్చి ఎముకల్లో దూరుతుంది. చేతులు కాచుకుంటూ విను, 1961 సంగతి చెబుతాను.

అప్పటికి ఈ మేడలేవీ లేవు. ఇదంతా వరిచేలు, చేపల చెరువులు. మేం గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న ఫిట్టరు. రైల్వే పేరు మారినా మేమంతా పాత పేరుతో బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అనే అనేవాళ్లం. దాన్ని నమ్ముకునే కదా మన శ్రీకాకుళం, విశాఖ వాళ్లు ఖరగ్‌పూర్‌కీ ఇక్కడికీ వచ్చింది!

కలకత్తాలో ఫుట్‌బాల్ అంటే ముందు లీగు, ఆ తరవాత షీల్డు. నాన్న ఒక మాట అనేవాడు: "లీగు సంసారంరా, షీల్డు పెళ్లి." వానాకాలమంతా మైదాన్ బురదలో పడి లేస్తూ ఒక్కో పాయింటూ కూడబెట్టుకోవాలి. షీల్డులో అయితే ఒక్క ఆట పోయిందా, ఇంటికే.

ఆ ఏడు ఈస్ట్ బెంగాల్ జట్టు కెప్టెన్ తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు. తమిళుల ఇంటి బిడ్డే గానీ ఆడి పెరిగింది మన గడ్డ మీద. చిన్నప్పుడు బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసుల పాత బూట్లు తెచ్చి, చెప్పులు కుట్టేవాడి చేత ఆటకి పనికొచ్చేలా చేయించుకున్నాడని చెప్పుకునేవారు. కోచ్ రహీం సాబ్ కంట పడ్డాక అతని దశ తిరిగింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టిందంటే, వెనకున్నది ఆ గురువే.

టికెట్టుకి డబ్బులేవి? మైదాన్ పక్కనున్న కోట దిబ్బెక్కి, గొడుగు కింద నాన్న కాళ్ల మధ్య నిలబడి చూసేవాణ్ణి. బంతి బురదలో చతికిలబడితే అందరూ కాళ్లతో కుళ్లబొడిచేవారు. బలరాం బంతి కిందికి బొటనవేలు పోనిచ్చి, చిన్నగా పైకి లేపి, గాల్లో ఉండగానే కొట్టేవాడు. ఆ లీగులో 23 గోల్సు! కప్పు ఈస్ట్ బెంగాల్‌దే. ఆ సాయంత్రం వీధంతా ఇలిష్ వేపుడు వాసన. ఇలిష్ అంటే మన పులసేరా.

షీల్డు ఫైనల్లో మాత్రం మోహన్ బగాన్‌తో గోలు పడలేదు. ఇద్దరికీ కలిపి ఇచ్చేశారు. ఆ ఏటి డురాండ్ ఫైనల్లో మన ఆంధ్ర పోలీసు జట్టు మోహన్ బగాన్‌ని 1-0తో ఓడించింది. ఆ రాత్రి నాన్న అన్నం కూడా తినకుండా లైనంతా తిరిగి చెప్పొచ్చాడు.

మరుసటేడు జకార్తాలో మన దేశం జట్టువాళ్లు దక్షిణ కొరియాని 2-1తో గెలిచి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. రహీం సాబ్ నేర్పిన జట్టది, అందులో బలరామూ ఉన్నాడు. 1963 జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఆ ఏడే బలరాం మా బి.ఎన్.ఆర్. జట్టుకి వచ్చాడు, షీల్డు మాకొచ్చింది. ఆ సంబరం తీరకముందే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మూడు పదులు నిండకుండానే ఆట మానేశాడు. గంగ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

ఎందుకు చెబుతున్నానంటే, అతనికి దక్కిన కాలం అంతే. నీకింకా ఎన్ని వానాకాలాలున్నాయో! సంసారం సరిగ్గా చేసినవాడికి రెండో స్థానం అవమానం కాదురా.

లే, ఆ బూట్లు ఇలా పట్రా. బురద ఎండిపోతే తోలు పగులుతుంది. వేణ్ణీళ్లు నేను పోస్తాను, నువ్వు కడుగు.