గల్లీలో తెగని పాట

సాయంత్రం బౌద్ధనగర్ గల్లీలో నడుస్తున్నారు. చెవుల్లో ఇయర్‌బడ్స్, ఎడమ జేబులో ఫోను. నెత్తిమీద కేబుల్ వైర్ల చిక్కు, ఇంటింటా ఓ వైఫై డబ్బా. ఆ డబ్బాలూ మీ పాటా ఒకే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇరుక్కున్నాయి. ఏ వంటింట్లోనో మైక్రోవేవ్ ఓవెన్ తిరిగితే ఆ రొదా అక్కడికే. అయినా పాట తెగదు.

అది ఒకచోట ఉంటే కదా! 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ దాకా 79 ఛానళ్ల మీద, సెకనుకు 1600 సార్ల వరకూ దూకుతుంది బ్లూటూత్. ఒక్కో మజిలీ 625 మైక్రోసెకన్లు. తర్వాత ఎక్కడికన్నది ఫోను చిరునామా, దాని గడియారం కలిసి తేలుస్తాయి. ఆ రెండూ తెలిసిన ఇయర్‌బడ్ సరిగ్గా ఆ క్షణానికి అక్కడుంటుంది. చెడగొట్టాలని వెంటపడేవాడు ఆచూకీ పట్టేసరికి చోటు ఖాళీ. అన్నిచోట్లా ఒకేసారి గోల పెడదామంటే వాడి బలం పలచబడుతుంది. 1942లో నటి హెడీ లమార్, స్వరకర్త జార్జ్ ఆంథైల్ పేటెంటు పొందింది ఇలాంటి ఎత్తుకే. టార్పెడోను నడిపే సంకేతం, పియానో మెట్లెన్నో అన్ని, 88 పౌనఃపున్యాల మీద దూకాలన్నారు. అమెరికా నౌకాదళం అప్పట్లో పట్టించుకోలేదు.

ఆర్ట్స్ కాలేజీ ముందుకొచ్చేశారు. 1939లో నిజాం ప్రారంభించిన గులాబీ రాతి భవనం, ముందు విశాలమైన ఖాళీ. గోల తక్కువ, పాట హాయిగా సాగాలి. కానీ కుడిచెవిలో గతుక్కుమంది. మళ్లీ.

అడ్డం మీ ఒళ్లే. నీరు నిండిన శరీరం ఈ తరంగాల్ని మింగేస్తుంది. గల్లీలోనైతే గోడలకు తగిలి, చుట్టుతిరిగి చెవికి చేరేవి. ఇక్కడ ఆ గోడల్లేవు. 79లో ఎటు దూకినా మధ్యలో మీరున్నారు. ఫోను కుడి జేబులోకి మార్చి చూడండి. సర్దుకుందా?

తార్నాక మెట్రో ప్లాట్‌ఫాం. ఎవరి చెవిలో చూసినా ఇయర్‌బడ్సే. వైఫై ఒక్కటే ఇరవై దాకా ఛానళ్లను మింగుతుంది. 2003 నాటి బ్లూటూత్ 1.2 నుంచి, అలాంటి చోట్లను కనిపెట్టి జాబితాలోంచి కొట్టేసే వీలుంది. ఎన్ని కొట్టేసినా 20 మిగలాలన్నది నియమం. దారిలో పోయిన ముక్కను ఫోను మళ్లీ పంపుతుంది. ఇయర్‌బడ్ ముందే కాస్త దాచుకున్న పాటతో ఆ సందు కప్పేస్తుంది.

రైలొచ్చింది, ఎక్కారు. ఇదే ఊళ్లో చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది, శత్రువు రేడియోలను పసిగట్టే, అడ్డుకునే విద్య మీద పనిచేసే రక్షణ పరిశోధనశాల. యుద్ధంలో మీ జేబులోని ఏర్పాటు చాలదు. తగిన పరికరం ఉన్నవాడు చిరునామానూ గడియారాన్నీ రాబట్టి, దూకుళ్ల వరుసను తనూ లెక్కగట్టగలడు. అందుకే సైనిక రేడియోల్లో ఆ వరుస రహస్య సంకేతంతో పుడుతుంది, ఆ సంకేతాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు.