ఇనుప గొట్టం నేర్పిన చెయ్యి: షాద్‌నగర్–శంషాబాద్ ప్రాంతంలో నల్లా మరమ్మతు చరిత్ర

హైదరాబాద్‌కు దక్షిణంగా 44వ జాతీయ రహదారి వెంట ఉన్న శంషాబాద్, షాద్‌నగర్ ప్రాంతాల్లో కుళాయిని నల్లా అంటారు. ఉర్దూ నుంచి తెలంగాణ తెలుగులోకి వచ్చిన ఈ మాట ఇళ్ళలో కుదురుకున్నంత తేలికగా నల్లా మరమ్మతు పని కుదురుకోలేదు. గొట్టాన్ని చేసే పదార్థం మారినప్పుడల్లా, పాతదానికి అలవాటుపడిన చెయ్యి కొత్తదాని మీద తడబడుతూ వచ్చింది. సొంత చేతులతో బిగించిన నల్లా మర్నాటికే మళ్ళీ కారడం వెనక ఉన్నది ఈ చరిత్రే.

గొట్టాల ద్వారా నీటిని నడిపే విద్య ఈ నేలకు కొత్త కాదు. గోల్కొండ కోట గోడల్లో పొదిగిన మట్టి గొట్టాలు నేటికీ కనిపిస్తాయి. 1908 మూసీ వరదల తరువాత, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాల ఫలితంగా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. హిమాయత్‌సాగర్ శంషాబాద్‌కు చేరువలోనే ఉన్నా, దాని నీరు మీరాలం దగ్గరి శుద్ధి కేంద్రం మీదుగా నగరానికి వెళ్ళేది. చుట్టుపక్కల పల్లెలు మాత్రం చాలాకాలం చేదబావుల మీదే బతికాయి. తాడు తెగితే ముడి వేయడం, గిలక కిర్రుమంటే నూనె చుక్క వేయడం ఇంటివాళ్ళకే తెలిసిన పనులు.

1970ల చివరినుంచి వ్యాపించిన ఇండియా మార్క్-2 చేతిపంపుతో, అంటే పల్లెలు బోరింగు అని పిలిచే దానితో, మరమ్మతు మొదటిసారిగా ఇంటి చేతులు దాటిపోయింది. నీటిని పైకి లాగే తోలు వాషర్ భూమి లోపల సిలిండర్‌లో ఉండటంతో, దాన్ని మార్చాలంటే గొట్టాలన్నీ బయటికి తీయవలసి వచ్చేది.

ఇళ్ళలోకి నల్లాలు తెచ్చిన జి.ఐ. గొట్టం, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనుప గొట్టం, మరమ్మతును బలం మీద నడిచే పనిగా మార్చింది. గొట్టం అంచున కోసిన మరలకు జనపనార చుట్టి, సఫేదా అనే తెల్ల లేపనం పూసి, పైపు పానాతో బిగిస్తే, తడిసిన నార ఉబ్బి సందులను పూడ్చేది. అప్పటికీ చుక్క కారితే పానాను ఇంకో పావు చుట్టు తిప్పేవారు. ‘ఇంకాస్త బిగించు’ అనే సూత్రం అక్కడ చాలావరకు నిజమే.

ప్లాస్టిక్ గొట్టాల కాలంలో ఆ సూత్రమే తప్పుకు మూలమైంది. పీవీసీ తరువాత, వేడినీటిని కూడా తట్టుకునే సీపీవీసీ 1990ల చివర దేశంలోకి వచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక పెరిగిన కొత్త ఇళ్ళలో ఇవే సాధారణమయ్యాయి. వీటి అతుకు బిగింపు వల్ల కాదు, సాల్వెంట్ అనే జిగురు రెండు పొడి ఉపరితలాలను కొద్దిగా కరిగించి ఏకం చేయడం వల్ల నిలుస్తుంది. అతుకు తడిగా ఉన్నప్పుడు పూసినా, ఆరకముందే నీరు వదిలినా, పీవీసీ జిగురును సీపీవీసీకి వాడినా, మొదట ఆగినట్లే కనిపించిన కారుడు తరువాత మొదలవుతుంది. ఇనుప నల్లాను ప్లాస్టిక్ సాకెట్‌లోకి పానా బలంతో బిగిస్తే సాకెట్ సన్నగా చీలుతుంది. అందుకే లోపల ఇత్తడి మరలున్న సాకెట్లు వచ్చాయి. నారకు బదులు వచ్చిన తెల్ల టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే చుట్టాలి, లేకపోతే బిగిస్తున్నకొద్దీ అది ఊడి వస్తుంది.

మరమ్మతు తరువాత ధార సన్నబడితే, హ్యాక్సా బ్లేడుతో కోసినప్పుడు రాలిన పొట్టు నల్లా మూతి జాలీలో చిక్కిందేమో ముందు చూడాలి. నల్లా ఉమ్మినట్లు ఆగి ఆగి వస్తే గొట్టంలో గాలి పట్టిందని అర్థం. అన్నిటికంటే కింద ఉన్న నల్లాను కాసేపు తెరిచి ఉంచితే ఆ గాలి చాలాసార్లు పోతుంది. కొత్త వాషర్ వేసినా పాత ఇత్తడి నల్లా కారుతుంటే, ఏళ్ళ తరబడి గట్టిగా తిప్పడంతో వాషర్ కూర్చునే గట్టు అరిగి గాడి పడి ఉంటుంది, దానికి వాషర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. రాతి నేల బోర్ల నీటిలోని లవణాలు తెల్లగా గడ్డకట్టి ఈ అరుగుదలను మరింత పెంచుతాయి.

2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకం కృష్ణా నీటిని ఈ ఊళ్ళకు తెచ్చింది. దానితో ఒకే ఇంట్లో మూడు తరాలు కలిసే పరిస్థితి ఏర్పడింది: గేటు దగ్గర ఒకప్పటి ఇనుప ముక్క, బోరు నుంచి ట్యాంకు దాకా పీవీసీ, గోడలో సీపీవీసీ. కారేచోటు వెతికే మనిషి ముందుగా చూడవలసినవి ఈ తరాలు ఒకదానితో ఒకటి కలిసే అతుకులే, ఎందుకంటే ఒక పక్క బలం కోరే ఇనుము, మరో పక్క ఓపిక కోరే ప్లాస్టిక్ అక్కడే ఎదురెదురు పడతాయి.