ధారావాహిక నుండి చలనచిత్రమునకు – ‘ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్’ రూపాంతర పరిశీలనము

ఒక మాధ్యమమున ప్రసిద్ధి గాంచిన కృతిని వేరొక మాధ్యమమునకు మార్చుట నూతన విషయము కాదు. కావ్యము నాటకమైనది, నాటకము చలనచిత్రమైనది. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో టెలివిజన్ ధారావాహికలను చలనచిత్రములుగా పునర్నిర్మించు పద్ధతి ఇంగ్లండు, అమెరికా దేశములలో ప్రబలినది. అట్టి ప్రయత్నములలో పెక్కు విఫలములైనవి. 1961లో బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రారంభమైన ‘ది అవెంజర్స్’ 1998లో చిత్రమై విమర్శకుల నిరసనకు గురియైనది. వైఫల్యము కలిగినపుడు దర్శకు డసమర్థుడనియో, నటులు తగినవారు కారనియో చెప్పుట పరిపాటి. ఈ సమాధాన మెంతవరకు చెల్లునో పరీక్షించుటకు అనువైన ఉదాహరణ మొకటి కలదు. ‘ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్’ అను పేరుతో 1985లో వెలువడిన ధారావాహికకును, 2010లో వెలువడిన చిత్రమునకును దర్శకుడు మార్టిన్ కాంప్‌బెల్ ఒక్కడే. మధ్యకాలమున ‘గోల్డెన్ ఐ’ (1995), ‘కసీనో రాయల్’ (2006) చిత్రములతో ఆయన సామర్థ్యము రుజువైనది. కావున భేదమునకు కారణమును రూపమునందును, దేశకాలములందును వెదకవలసి యున్నది.

ధారావాహికను రచించినవాడు ట్రాయ్ కెనెడీ మార్టిన్. అది 1985 నవంబరు, డిసెంబరు నెలలలో బి.బి.సి. రెండవ ఛానెల్‌లో ఆరు భాగములుగా ప్రసారమైనది. యార్క్‌షైర్ పోలీసు అధికారి రోనల్డ్ క్రేవెన్ కన్నుల యెదుటనే అతని కుమార్తె ఎమ్మా తుపాకి కాల్పులకు బలియగును. గురి తనకే యని తండ్రి మొదట తలచును. పరిశోధించిన కొలది ఆమె ‘గయా’ అను పర్యావరణ బృందమున సభ్యురాలనియు, నార్త్‌మూర్ అను అణువ్యర్థ నిక్షేప స్థలపు రహస్యమును కనుగొన యత్నించె ననియు తెలియవచ్చును. క్రేవెన్ పాత్రధారి బాబ్ పెక్.

ఈ కథ పుట్టిన కాలమును గమనింపవలెను. అమెరికా అధ్యక్షుడు రేగన్ అంతరిక్ష రక్షణ పథకమును ప్రకటించినది 1983లో. బ్రిటన్‌లో గని కార్మికుల దీర్ఘసమ్మె ముగిసినది 1985 మార్చిలో. ధారావాహిక ప్రసారమైన కొలది నెలలకే, 1986 ఏప్రిలులో, చెర్నోబిల్ ప్రమాదము సంభవించినది. ప్రభుత్వము తమకు తెలియకుండ నేమి దాచుచున్నదో యను శంక నాటి ప్రేక్షకుల నిత్యజీవితమున నున్నదే.

రూపాంతరమున కలిగిన మొదటి చిక్కు కాలపరిమాణమునకు సంబంధించినది. ఐదు గంటలకు మించిన కథ రెండు గంటలలోపు చిత్రమున ఇమిడినది. సంక్షేపము స్వతః దోషము కాదు. తిక్కన భగవద్గీతను మిక్కిలి సంగ్రహించియు భారతకథాగమనమునకు భంగము కలిగింపలేదు. ఏది విడువదగినదో, ఏది విడువరానిదో ఎరుగుటయే ప్రధానము. ధారావాహికయందు మొదటి భాగమున తండ్రి కుమార్తె గదిలో ఆమె వస్తువులను తడుముచు గడపిన మౌనము దీర్ఘముగా సాగును. ఆ శోకమే తరువాతి అన్వేషణకు బీజము. చిత్రమున అదే శోకము పరిశోధనకు త్వరితమైన నెపముగా మారినది.

రెండవది దేశకాల పరివర్తనము. 2010 చిత్రమున కథాస్థలము బోస్టన్ నగరము. నాయకుడు థామస్ క్రేవెన్, పాత్రధారి మెల్ గిబ్సన్. శీతలయుద్ధము ముగిసి అప్పటికి రెండు దశాబ్దములు కావచ్చినది. నార్త్‌మూర్ అను పేరు నిలిచినది గాని, ఆ పేరు చుట్టునున్న నాటి భయము నిలువలేదు. రాజ్యవ్యవస్థకు సంబంధించిన ప్రశ్న కొందరు దుర్మార్గుల కుట్రగా కుంచించుకొని పోయినది.

మూడవది రసభంగము, మా దృష్టిలో ఇదియే గురుతరము. ధారావాహికకు కరుణ మంగిరసము. తుదిలో అపరాధులు శిక్షితులు కారు. కొండపై నల్లని పూవులు కానవచ్చును. మానవుడు చేసిన హానికి భూమియే సమాధానము చెప్పునను భావము స్ఫురించును. ప్రేక్షకునకు శాంతి లభింపదు. చిత్రమున నాయకుడు ప్రధాన ప్రతినాయకుని స్వహస్తముతో చంపును. మిగిలిన కుట్రదారులను మరియొకడు కాల్చును. దోషులు హతులగుటతో ప్రేక్షకుని కోపము చల్లారును. దానితోపాటు పౌరుడుగా అతడు వేసికొనవలసిన ప్రశ్నయు చల్లారును.

అట్లని ఇట్టి మార్పు లన్నియు నిష్ఫలములని మా వాదము కాదు. 1989లో బ్రిటన్‌లో ప్రసారమైన ‘ట్రాఫిక్’ ధారావాహిక పాకిస్తాన్ నుండి ఐరోపాకు సాగు మాదకద్రవ్య వ్యాపారమును చిత్రించినది. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2000లో ఆ కథను మెక్సికో, అమెరికాలకు మార్చి, పెక్కు కథాసూత్రములు సమాంతరముగా సాగు నిర్మాణమును మాత్రము నిలుపుకొనెను. ఆ చిత్రము నాలుగు ఆస్కార్ బహుమతులను పొందినది. అచట సమస్య నూతన దేశమునను సజీవమై యున్నది. కావున స్థలము మారినను ఔచిత్యము చెడలేదు.

పై రెండు ఉదాహరణములను పోల్చినచో పునర్నిర్మాతకు ప్రధానమైన పరీక్ష స్పష్టమగును. పాత్రల పేర్లు, కథాక్రమము, ప్రసిద్ధ సన్నివేశములు సులభముగా తరలించదగినవి. మూలకృతి తన కాలమును ఏ ప్రశ్న అడిగినదో, ఆ ప్రశ్నకు సమానమైన దానిని కొత్త దేశకాలములలో కనుగొనుట కష్టము. పరిశోధక విద్యార్థులు చలనచిత్రమును చూచి ధారావాహికను ఎరిగితిమని తలపరాదు. ఉత్తరరూపము సులభముగా లభించుటచే మూలము మరుగున పడు ప్రమాదము కలదు. ఏ కృతినైనను అది వెలువడిన సంవత్సరముతో కలిపి చదువుటయే ఈ ప్రమాదమునకు తగిన ప్రతిక్రియ.